‘అవును’ అన్న 88 మందీ అబద్ధమాడలేదు

ప్రశ్న: మాది హైదరాబాద్‌లో 96 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. ఈ ఏడాది సంఘానికి నేను సెక్రటరీని. తడి చెత్త, పొడి చెత్త వేరు చేద్దామా అని వాట్సాప్ గ్రూపులో పోల్ పెడితే 88 మంది ‘అవును’ నొక్కారు. మీటింగ్ పెట్టాం, ఫ్లాటుకు రెండు బకెట్లు పంచాం. రెండు నెలలైంది. చెత్త తీసుకెళ్లే అబ్బాయి చెప్పేదాన్ని బట్టి, వేరు చేసి పెడుతున్నవి 30 ఇళ్లు కూడా లేవు. అందరూ చదువుకున్నవాళ్లే, పర్యావరణం గురించి గంటలకొద్దీ మాట్లాడేవాళ్లే. మనుషులు ఇంత తేలిగ్గా అబద్ధం చెబుతారా? ఇంకో అవగాహన సదస్సు పెట్టమంటారా, లేక 200 రూపాయల జరిమానా మొదలుపెట్టమంటారా?

జవాబు:

సెక్రటరీ గారూ, ‘చెప్పేవి శ్రీరంగనీతులు’ అని తిట్టుకోవాలనిపించడం సహజమే. కానీ మీ అపార్ట్‌మెంట్‌లో అబద్ధాలకోరులు అంతమంది ఉండరు. మీరు అడిగింది ఒకటి, మీకు కావలసింది ఇంకొకటి. అడిగింది అభిప్రాయం. కావలసింది పొద్దున ఏడింటికి తలుపు ముందు రెండు బకెట్లు. ఈ రెండిటికీ మధ్య దూరం ఎంత, ఎందుకు అని మనస్తత్వ శాస్త్రజ్ఞులు తొంభై ఏళ్లుగా తవ్వుతూనే ఉన్నారు. వాళ్లకు దొరికిన దాంట్లో మీకు పనికొచ్చేది చాలానే ఉంది.

1930లో రిచర్డ్ లాపియర్ అనే అమెరికన్ సమాజశాస్త్ర ఆచార్యుడు ఒక చైనా యువ జంటను వెంటబెట్టుకుని కారులో అమెరికా తిరగడం మొదలుపెట్టాడు. చైనావాళ్లంటే అక్కడ బాహాటంగా చిన్నచూపు ఉన్న రోజులవి. రెండేళ్లలో 251 హోటళ్లు, భోజనశాలల గుమ్మం తొక్కితే, కుదరదు పొమ్మన్నది ఒకే ఒక్కచోట. ఆర్నెల్లు ఆగి, ఆ చోట్లకే ‘చైనా జాతివాళ్లను మీ దగ్గర చేర్చుకుంటారా’ అని ఉత్తరాలు రాశాడు. జవాబు రాసిన 128 మందిలో నూటికి తొంభైకి పైగా ‘చేర్చుకోం’ అనే రాశారు. ఇది 1934లో అచ్చయింది. మీ కథ దీనికి సరిగ్గా తిరగేసినట్టుంది. అక్కడ మాట చెడ్డది, చేత మంచిది.

ఆ ప్రయోగంలోని లొసుగులు మాత్రం మీ పోల్‌లో అచ్చంగా అలాగే ఉన్నాయి. ఉత్తరానికి జవాబు రాసినవాడూ, కౌంటర్ దగ్గర నిలబడి గది తాళం ఇచ్చినవాడూ ఒకడే అన్న నమ్మకం లేదు. పైగా ఉత్తరం అడిగింది ‘జాతి’ గురించి. కౌంటర్ ముందుకు వచ్చింది మాత్రం శుభ్రంగా ముస్తాబై నవ్వుతూ పలకరించే ఇద్దరు మనుషులు, వెనక ఒక తెల్ల ప్రొఫెసర్. ఇక మీ సంగతి చూడండి. అపార్ట్‌మెంట్ గ్రూపులో సాధారణంగా ఇంటికొకరే ఉంటారు, ఎక్కువగా యజమాని. కొన్ని ఫ్లాట్లు అద్దెకిచ్చినవి అయ్యుంటాయి, ఓనరు బెంగళూరులోనో డల్లాస్‌లోనో కూర్చుని ‘అవును’ నొక్కి ఉంటాడు. మిగతా ఇళ్లలో బెండకాయ తొడిమలు పడేసేది ఇల్లాలో, అత్తగారో, పనమ్మాయో. ఓటు వేసిన చెయ్యి వేరు, తొక్కలు పడేసే చెయ్యి వేరు. పైగా వాట్సాప్ పోల్‌లో ఎవరు ఏది నొక్కారో అందరికీ కనిపిస్తుంది. అంత బాహాటంగా ‘కాదు, నేను వేరు చెయ్యను’ అని నొక్కే ధైర్యం ఎవరికుంటుంది? కాబట్టి ఆ 88లో చెత్తతో నిజంగా చెయ్యి కలిపేవాళ్లు ఎందరో ముందు తేల్చండి. సగానికి సగం రాలిపోయినా ఆశ్చర్యపోకండి.

రెండో లోపం ప్రశ్నలోనే ఉంది. 1969లో అలన్ వికర్ అనే ఆయన అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ తిరగేసి, వైఖరికీ (అంటే ఒక విషయం మీద మనకున్న అభిప్రాయానికీ) ప్రవర్తనకూ ఉన్న సంబంధం 0.30 దాటడం అరుదు అని రాశాడు. సున్నా అంటే సంబంధమే లేదని, ఒకటి అంటే పూర్తిగా ఉందని లెక్క. వైఖరుల్ని కొలవడమే దండగ అని కొందరు అప్పుడే తీర్మానించేశారు. మార్టిన్ ఫిష్‌బైన్, ఐసెక్ ఐజెన్ అనే ఇద్దరు ఒప్పుకోలేదు. తప్పు మనుషుల్లో లేదు, ప్రశ్నలో ఉందన్నారు. ఏ పనిని ఊహించాలనుకుంటున్నామో ఆ పని గురించే అడగాలి: ఏ వస్తువు, ఏం చెయ్యడం, ఎక్కడ, ఎప్పుడు. ప్రశ్నలో ఈ నాలుగూ ఉండాలి. 1979లో డేవిడ్‌సన్, జకార్డ్ దీన్ని పెళ్లయిన మహిళలతో పరీక్షించారు. ‘కుటుంబ నియంత్రణ గురించి మీరేమనుకుంటున్నారు’ అని అడిగితే వచ్చిన జవాబుకూ, తర్వాత రెండేళ్లలో వాళ్లు గర్భనిరోధక మాత్రలు వాడారా లేదా అన్నదానికీ సంబంధం 0.08. అంటే ఉన్నా లేనట్టే. ‘వచ్చే రెండేళ్లలో మీరు మాత్రలు వాడటం గురించి ఏమనుకుంటున్నారు’ అని అడిగితే అదే 0.57కు చేరింది. మనుషులు మారలేదు, ప్రశ్న మారిందంతే.

‘తడి, పొడి వేరు చేద్దామా?’ అన్న మీ ప్రశ్న ఆ 0.08 రకం. దాన్ని ఇలా తిరగరాయండి: ‘వచ్చే సోమవారం నుంచి రెండు వారాలపాటు, మీ వంటింటి తడి చెత్తను ప్లాస్టిక్ కవరు లేకుండా ఆకుపచ్చ బకెట్‌లో వేసి, ఉదయం 7 లోపు తలుపు ముందు పెట్టాలనుకుంటున్నారా? ఈ 14 రోజుల్లో ఎన్ని రోజులు పెట్టగలరనుకుంటున్నారు?’ దీన్ని గ్రూపులో పెట్టకండి. చీటీల మీద రాసి, ఇంట్లో చెత్త చూసుకునే మనిషి చేతికే ఇచ్చి, పెట్టెలో వేయించండి. 88 కాస్తా ఏ 50కో దిగొస్తుంది. దిగిరానివ్వండి. నమ్మదగ్గ 50, నమ్మలేని 88 కన్నా నయం.

ఫిష్‌బైన్, ఐజెన్ 1975లో కట్టిన సిద్ధాంతాన్ని ఐజెన్ తర్వాత పెంచి, 1991లో పూర్తి రూపంలో ప్రచురించాడు. థియరీ ఆఫ్ ప్లాన్డ్ బిహేవియర్ అంటారు, మన పుస్తకాల్లో ప్రణాళికాబద్ధ ప్రవర్తన సిద్ధాంతం. సారం ఇంతే. ప్రవర్తనకు ఆనుకుని ఉండేది వైఖరి కాదు, ‘చేస్తాను’ అన్న ఉద్దేశం. ఆ ఉద్దేశానికి మూడు ఊటలు. ఆ పని తనకు మంచిదా చెడ్డదా అన్న లెక్క ఒకటి. తనవాళ్లు ఏమంటారు, చుట్టూ ఉన్నవాళ్లు ఏం చేస్తున్నారన్నది రెండు. అది తన చేతనవుతుందా అన్న నమ్మకం మూడు. ఈ మూడోది నేరుగా ప్రవర్తన మీద కూడా పనిచేస్తుంది, ఎందుకంటే చేతకాని పనిని ఎంత కోరుకున్నా చెయ్యలేం కదా.

మీ సదస్సు మొదటి ఊటలోనే, అదీ తప్పు చోట నీళ్లు పోసింది. ‘భూమికి మంచిది’ అన్న సంగతి చేసేవాళ్లకూ తెలుసు, చెయ్యనివాళ్లకూ తెలుసు. ఇద్దరికీ సమానంగా తెలిసిన సంగతి ఇద్దరి మధ్య తేడాను తేల్చలేదు. తేడా ఎక్కడుందో వాళ్లనే అడగాలి. వేరు చేస్తున్న ఇళ్లు ఒక పదిహేను, చెయ్యనివి ఒక పదిహేను తీసుకుని, ఎవరికి వారిని విడిగా కొన్ని ప్రశ్నలు వెయ్యండి. ఇలా చెయ్యడం వల్ల మీకు లాభమేంటి, ఇబ్బందేంటి? చేస్తే ఎవరు మెచ్చుకుంటారు, ఎవరు విసుక్కుంటారు? ఏది ఉంటే తేలికవుతుంది, ఏది అడ్డొస్తోంది? జవాబులు మీరు అందించకండి, వాళ్ల నోటినుంచే రానివ్వండి. పదిమంది నోట మళ్లీ మళ్లీ వచ్చే మాటల్ని మాత్రమే తర్వాత చీటీలోకి ఎక్కించండి.

ఎందుకు ఇంత తతంగం అంటే, ఓ చిన్న లెక్క చూడండి. ఫలానా ఇల్లాలు అనుకుందాం. ఒక్కో నమ్మకం ఎంత నిజమనిపిస్తోందో 1 నుంచి 7 లోపు, అది జరిగితే తనకెంత మంచో చెడో −3 నుంచి +3 లోపు అంకె వేసింది. ‘ఎరువవుతుంది’ అన్నదానికి 5, +2. గుణిస్తే 10. ‘మూత తీస్తే కంపు, బొద్దింకలు’ అన్నదానికి 6, −3. అంటే −18. ‘కింద అన్నీ కలిపేస్తారు, శ్రమంతా దండగ’ అన్నదానికి 6, −2. అంటే −12. మొత్తం −20. ఈవిడ పోల్‌లో ‘అవును’ నొక్కినప్పుడు అబద్ధం చెప్పలేదు, ఎరువు గురించి నిజమే చెప్పింది. మిగతా రెండిటి గురించి ఎవరూ అడగలేదు. (ఈ అంకెలకు మరీ విలువివ్వకండి, అలా గుణించడం మీద పరిశోధకుల్లోనే తగాదాలున్నాయి. ఏది ముందు సరిచెయ్యాలో తెలియడానికి మాత్రం సరిపోతాయి.)

ఇందులో కంపుకు వైద్యం చెప్పొచ్చు, కింద రాశాను. ‘కలిపేస్తారు’ అన్నదాన్ని మాత్రం ముందు పరీక్షించండి. పొద్దున ఏడున్నరకు సెల్లార్‌లోకి దిగి చూడండి. చెత్త తీసుకెళ్లే అబ్బాయి రెండు బకెట్లనూ ఒకే డ్రమ్ములో బోర్లిస్తున్నాడా? గేటు ముందు స్వచ్ఛ ఆటోలో రెండు అరలున్నా ఒకే అరలోకి పోతోందా? అలాగైతే ఆ ఇల్లాలి నమ్మకం నిజం. నిజమైన నమ్మకాన్ని ఉపన్యాసంతో మార్చలేం, దాన్ని అబద్ధం చెయ్యాలి. సెల్లార్‌లో రంగు వేసిన రెండు డ్రమ్ములు, ఆటో డ్రైవరుతో ఒక మాట, ఆ తర్వాత గ్రూపులో ఒక ఫోటో. ఇది చెయ్యకుండా మిగతావన్నీ చేసినా వృథా ప్రయాసే.

ఇక చుట్టుపక్కల వాళ్ల సంగతి. లిఫ్టు దగ్గర మీరు ‘66 ఇళ్లవాళ్లు ఇంకా వేరు చెయ్యడం లేదు, ఇది సిగ్గుచేటు’ లాంటి నోటీసు పెట్టి ఉంటే ఈరోజే తీసెయ్యండి. అమెరికాలో అరిజోనా రాష్ట్రంలో రాయిగా మారిన ప్రాచీన వృక్షాల పార్కు ఒకటుంది. జనం ఆ ముక్కల్ని జేబులో వేసుకుపోతుంటారు. రాబర్ట్ చాల్దీని అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడి బృందం అక్కడ రకరకాల బోర్డులు పెట్టి చూసింది. ‘చాలామంది పట్టుకుపోయారు, అడవి స్వరూపమే మారిపోయింది’ అన్న బోర్డున్నప్పుడు గుర్తుపెట్టి ఉంచిన ముక్కల్లో దాదాపు 8 శాతం మాయమయ్యాయి. ‘దయచేసి తీసుకెళ్లకండి’ అన్న బోర్డున్నప్పుడు 2 శాతం లోపే. చెయ్యనివాళ్ల సంఖ్య చాటడమంటే, చెయ్యకపోవడమే ఇక్కడి ఆనవాయితీ అని చాటడం. మీ దగ్గర చెయ్యనివాళ్లే ఎక్కువమంది కాబట్టి ‘ఎక్కువమంది చేస్తున్నారు’ అనీ రాయలేరు, అబద్ధమవుతుంది. ‘గత వారం 24 ఇళ్లు, ఈ వారం 31’ అని పెరుగుదలను రాయండి. అది నిజం, పని కూడా చేస్తుంది. పెరగని వారం ఏమీ రాయకండి.

అసలు చిక్కంతా మూడో ఊట దగ్గరే ఉండి ఉంటుంది. మీరిచ్చిన బకెట్లు ఎక్కడున్నాయో నాలుగిళ్లలో చూడండి. చాలాచోట్ల వాష్ ఏరియాలో ఉంటాయి. చెత్త పుట్టేది మాత్రం వంటగట్టు మీద. తడి చేత్తో, కుక్కరు కూస్తుండగా, ఆరడుగులు నడిచి మూత తీసి వెయ్యాలి. ఎవరూ నడవరు. సింకు పక్కన వేలాడే క్యారీ బ్యాగులోకే పోతుంది, రాత్రికి ఆ బ్యాగు ముడి వేసి ఆకుపచ్చ బకెట్‌లో పడేస్తారు. అది వేరు చేసినట్టూ కాదు, చెయ్యనట్టూ కాదు. వంటగట్టు మీదికి చేతికందేలా మూతున్న చిన్న డబ్బా ఒకటి కావాలి, పాత స్వీటు డబ్బా అయినా సరే. అడుగున మడిచిన పేపరు వెయ్యాలి. చారు, పప్పు నీళ్లు సింకులో జాలీ మీద వార్చి, పిప్పి మాత్రమే డబ్బాలోకి. కంపులో సగం ఆ నీళ్ల వల్లే. పాల ప్యాకెట్ మూల పూర్తిగా కత్తిరించకుండా వేలాడనిస్తే ఆ చిన్న ముక్క తడి చెత్తలో కలవదు. ప్యాకెట్‌ను ఓసారి కడిగి ఆరేసి పొడిలో వెయ్యాలి. డైపర్లు, ప్యాడ్లు ఎందులో వెయ్యాలన్నది మీ మీటింగులో ఎవరూ ఎత్తి ఉండరు, ఎత్తాలంటే మొహమాటం. ప్రమాదకరమైన ఇంటి చెత్తతో కలిపి మొత్తం మూడు రకాలుగా వేరు చెయ్యాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలే చెప్పాయి. శానిటరీ చెత్తను విడిగా చుట్టి పెట్టాలనీ వాటిలో ఉండేది. వీటికి చోటు చూపకపోతే అవి వెళ్లి తడి, పొడి రెండిట్లో ఒకదాన్ని పాడుచేస్తాయి.

ఇంకొకటి. చెత్త తీసుకెళ్లే అబ్బాయి ఏడింటికి వస్తాడు, పనమ్మాయి ఎనిమిదిన్నరకు వస్తుందనుకోండి. ఊడ్చిన చెత్త, కడిగిన గిన్నెల ఎంగిలి ఆమె చేతిలోవే. ఆమె ఏ బకెట్ దగ్గరుంటే అందులో వేస్తుంది. మీ మీటింగుకు ఆమెను పిలవలేదు కదా? పనివాళ్లను విడిగా కూర్చోబెట్టి పది నిమిషాలు చూపించడం, లేదా చెత్త తీసుకెళ్లే వేళను తొమ్మిదికి మార్చడం, ఈ రెండిటిలో ఏదైనా మరో సదస్సు కన్నా మేలు.

ఇంత చేశాక కూడా ఉద్దేశమున్న వాళ్లంతా చెయ్యరు. 2001లో ఆర్మిటేజ్, కానర్ 185 అధ్యయనాలను కలిపి చూస్తే, ఈ సిద్ధాంతం ప్రవర్తనలోని తేడాల్లో 27 శాతాన్ని మాత్రమే వివరించగలిగింది. 2006లో వెబ్, షీరన్ 47 ప్రయోగాలు పరిశీలించి, ఉద్దేశంలో ఓ మోస్తరు పెద్ద మార్పు తెచ్చినా ప్రవర్తనలో వచ్చేది అంతకన్నా చిన్న మార్పేనని తేల్చారు. ఈ సిద్ధాంతాన్ని ఇక అటకెక్కించాలని 2014లో కొందరు గట్టిగానే వాదించారు. అంత అవసరం లేదు కానీ, ఉద్దేశం దగ్గరే ఆగిపోతే పని కాదన్నది నిజం.

ఆ ఖాళీని పూడ్చడానికి దొరికిన పనిముట్లలో చౌకైనది పీటర్ గోల్‌విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు చెప్పినది: ‘ఫలానాది జరగగానే ఫలానాది చేస్తాను’ అని ముందే ముడిపెట్టుకోవడం. దీనికి పాత ఆధారం 1965లోనే యేల్ విశ్వవిద్యాలయంలో ఉంది. ధనుర్వాతం టీకా గురించి భయపెట్టే కరపత్రం చదివిన విద్యార్థుల్లో వెళ్లి వేయించుకున్నవాళ్లు 3 శాతమే. క్లినిక్ ఎక్కడుందో చూపే మ్యాపు ఇచ్చి, ఎప్పుడు వెళతారో ఆలోచించుకోమన్నవాళ్లలో 28 శాతం. తర్వాత గోల్‌విట్జర్, షీరన్ 94 పరీక్షల్ని కలిపి చూసినా ఫలితం చెక్కుచెదరలేదు.

మీ చీటీ అడుగున రెండు ఖాళీ వాక్యాలు పెట్టండి: ‘............ గానే, నేను ............’. ఇంటివాళ్లే సొంత చేత్తో నింపాలి, మీరు అచ్చువేసి ఇస్తే గోడమీద బొమ్మే. ‘కూరగాయలు తరగడానికి కత్తి తీయగానే, డబ్బా మూత తీసి పక్కన పెట్టుకుంటాను.’ ‘రాత్రి స్టవ్ తుడవగానే, డబ్బాను ఆకుపచ్చ బకెట్‌లో బోర్లిస్తాను.’ ఇలాంటివి పనిచేస్తాయి, ఎందుకంటే కత్తి తీయడం, స్టవ్ తుడవడం ఎలాగూ రోజూ జరిగేవే. ‘వీలైనప్పుడల్లా’, ‘పొద్దున్నే’ అని రాస్తే పని జరగదు, అవి ఏ క్షణాన్నీ గుర్తుచెయ్యవు. ఒకరికి రెండుకు మించి వద్దు. అసలు చెయ్యాలనే లేనివాడి చేత ఇది రాయించీ లాభం లేదు, ఉన్న ఉద్దేశాన్ని పట్టాలెక్కించడమే దీని పని.

ఎన్నాళ్లకు అలవాటవుతుందని అడుగుతారేమో. 21 రోజులన్న మాట నమ్మకండి. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 2010లో ప్రచురించిన అధ్యయనంలో సగటు మనిషికి 66 రోజులు పట్టింది. కొందరికి 18, కొందరికి 254 దాకా పడుతుందని అంచనా వేశారు. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్ద నష్టమేమీ కనిపించలేదు. కాబట్టి మీ రెండు నెలలు తీర్పు చెప్పేంత కాలమేం కాదు. లెక్క మాత్రం ఇప్పటినుంచే సరిగ్గా ఉండాలి. అడిగి రాసుకోకండి, అడిగితే మళ్లీ 88 వస్తుంది. అబ్బాయికి ఫ్లాటు నంబర్లున్న కాగితం ఇచ్చి, వారానికి రెండు రోజులు, ఏ రోజులో ముందు చెప్పకుండా, మూత తీసి చూసి టిక్కు పెట్టమనండి. ‘వేరు చేసింది’ అంటే ఏమిటో ముందే తేల్చుకోవాలి, తడి బకెట్‌లో ప్లాస్టిక్ ఒక్కటి కూడా లేకపోవడం అని పెట్టుకోవచ్చు. కొత్తవేవీ మొదలుపెట్టకముందే రెండు వారాల లెక్క తీసి ఉంచుకోండి. ఆ కాగితం మీ దగ్గరే ఉండాలి, గ్రూపులోకి వెళ్లకూడదు.

జరిమానా గురించి. ఇజ్రాయెల్‌లోని హైఫాలో పది శిశుసంరక్షణ కేంద్రాలతో ఓ ప్రయోగం చేశారు, ఫలితాలు 2000లో వచ్చాయి. వాటిలో కొన్నిట్లో, పిల్లల్ని ఆలస్యంగా తీసుకెళ్లే తల్లిదండ్రులకు చిన్న జరిమానా పెట్టారు. ఆలస్యాలు తగ్గలేదు సరికదా, పెరిగి దాదాపు రెట్టింపయ్యాయి. జరిమానా తీసేశాక కూడా వెనక్కి తగ్గలేదు. అంతవరకూ మొహమాటమున్న చోట ఒక ధర వచ్చి కూర్చుంది. మీ 200 రూపాయలూ అంతే. డబ్బున్న ఇంటికి అది వేరు చెయ్యకుండా ఉండే నెలసరి రుసుము. చిన్న వంటిల్లున్న ఇంటికి చేతకానిదానికి శిక్ష. సెల్లార్‌లో డ్రమ్ములు, వంటగట్టు డబ్బాలు, పనమ్మాయి వేళ సర్దకముందు దాని జోలికి వెళ్లకండి.

దాని బదులు, కలిపిన బకెట్‌ను అబ్బాయి తీసుకోకుండా అక్కడే ఉంచి ఒక చీటీ పెట్టి వెళ్లేలా చూడండి. మొదటి రెండు వారాలు మాత్రం చీటీ పెట్టి, చెత్త తీసుకెళ్లమనండి, లేకపోతే కారిడార్ అంతా కంపు, తిట్లు మీకు. చీటీలో ‘బాధ్యత లేని’ లాంటి మాటలేవీ వద్దు. ‘తడిలో రెండు పాల ప్యాకెట్లు, ఒక కవరు ఉన్నాయి. అవి పొడిలో వెయ్యండి’ అని ఉంటే చాలు.